మాటకు సాక్ష్యం కావాలి: సంపాదకుడిగా బాబాసాహెబ్ అంబేడ్కర్

పంచశీలాలలో నాలుగవది అసత్యం పలకకుండా ఉండటం. అష్టాంగ మార్గంలో మూడవది సమ్యక్ వాక్కు. వీటిని మనం సాధారణంగా వ్యక్తిగత నీతికి సంబంధించిన నియమాలుగానే భావిస్తాము. బుద్ధ వందన సమయంలో పఠించి, నిత్య వ్యవహారంలో ఎవరినీ మోసగించకపోతే చాలునని తృప్తి పడతాము. అయితే అసత్యం ఇద్దరు మనుషుల మధ్యే ఆగిపోదు. అది ఊరంతా పాకుతుంది, గుంపును కూడగడుతుంది, ఆ గుంపు చేతికి కర్రను అందిస్తుంది. ప్రజలే పాలకులైన దేశంలో అసత్యం వ్యాపిస్తే పాలకుడి బుద్ధే చెడినట్టు లెక్క. ఈ సత్యాన్ని పుస్తకాల ద్వారా కాక, తన వారి ఒంటిమీది గాయాల ద్వారా తెలుసుకున్న మహనీయుడు బాబాసాహెబ్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్.

ఆయనను రాజ్యాంగ శిల్పిగా, ధమ్మ పునరుద్ధారకుడిగా మనం తరచుగా స్మరిస్తాము. ముప్ఫై ఆరేళ్లపాటు పత్రికలను నెలకొల్పుతూ, నడుపుతూ, అవి మూతపడితే మళ్లీ మొదలుపెడుతూ వచ్చిన పత్రికా సంపాదకుడిగా స్మరించడం తక్కువ. ఈ వ్యాసంలో ఆ పార్శ్వాన్ని పరిశీలిస్తున్నాము. ఇందులో బాబాసాహెబ్ మాటలను ఎక్కడా ఉల్లేఖించడం లేదు. ఆయన అనని మాటలు ఆయన చిత్రపటం కింద అచ్చయి చేతి ఫోన్లలో తిరుగుతున్న ఈ రోజుల్లో, ఆయన చేసిన పనులను తేదీలతో సహా చెప్పుకోవడమే మేలని మాకు తోచింది.

నోరులేని వారి పత్రిక

అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. విద్యార్థి దశలోనే మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ తాను రచించిన బుద్ధ చరిత్రను ఆయనకు బహూకరించారు. బడోదా మహారాజు విద్యార్థి వేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి 1916లో లండన్‌కు వెళ్లారు. తిరిగివచ్చి 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. 1919లో ఓటు హక్కు విషయమై విచారణ జరిపిన సౌత్‌బరో సంఘం ఎదుట అస్పృశ్యుల పక్షాన సాక్ష్యమిచ్చారు.

అంతటి విద్యావంతుడికి కూడా తన వారి కష్టాన్ని లోకానికి చెప్పుకోవడానికి ఒక్క పత్రికలోనూ చోటు లేదు. నాటి మరాఠీ పత్రికలు ఎవరికి వారు తమ కులం మేలు కోరేవిగా ఉన్నాయని ఆయన గమనించారు. ఈ స్థితిలో 1920 జనవరి 31న మూక్‌నాయక్ అనే పక్షపత్రిక వెలువడింది. దానికి కొల్హాపూర్ ప్రభువు ఛత్రపతి శాహూ మహారాజ్ 2500 రూపాయలు విరాళమిచ్చారు. ప్రభుత్వ కళాశాలలో ఉద్యోగి కనుక అంబేడ్కర్ పేరు సంపాదకుడిగా అచ్చు కాలేదు. పాండురంగ నందరామ్ భట్కర్ పేరు వేశారు. పత్రిక వస్తున్నదని తెలియజేసే ప్రకటనను కేసరి పత్రికకు పంపి, డబ్బు చెల్లిస్తామన్నా వారు ప్రచురించలేదు.

ఈ చిన్న సంఘటనలో పెద్ద విషయం ఇమిడి ఉంది. స్వరాజ్యం జన్మహక్కని చాటిన పత్రిక, తోటి భారతీయుల పత్రిక పుట్టుకను నాలుగు పంక్తుల్లో చెప్పడానికి కూడా ఇష్టపడలేదు. అబద్ధం అచ్చు వేయడం ఒక తప్పు. నిజాన్ని అచ్చుకాకుండా ఆపడం దానికి తోబుట్టువు వంటి తప్పు. మొదటిదానిని ఖండించవచ్చు. రెండవదానిని ఖండించడానికి కూడా పత్రిక కావాలి. అంబేడ్కర్ పత్రికల చరిత్ర అంతా ఈ అవసరం నుంచే పుట్టింది. కొద్ది నెలల్లోనే ఆయన చదువు పూర్తిచేయడానికి మళ్లీ లండన్ వెళ్లారు. ఆయన లేనప్పుడు మూక్‌నాయక్ నిలదొక్కుకోలేక 1923 నాటికి ఆగిపోయింది.

మహాడ్‌లో ఒక వదంతి

కొంకణ ప్రాంతంలో నాటి కొలాబా జిల్లాలో మహాడ్ ఒక చిన్న పట్టణం. ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు, బడులు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. ఎస్.కె. బోలే ప్రతిపాదించిన ఆ తీర్మానాన్ని అనుసరించి మహాడ్ పురపాలక సంఘం 1924లో చవ్‌దార్ చెరువును అందరికీ తెరిచినట్టు ప్రకటించింది. అది కాగితం మీదే మిగిలింది. ఇతర మతాల వారు ఆ చెరువు నీరు వాడుకునేవారు, పశువులు తాగేవి, అస్పృశ్యులకు మాత్రం అది అందని నీరే.

1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ అస్పృశ్యుల మహాసభ జరిగింది. వేలాది మంది వచ్చారు. రెండవ రోజు ఉదయం అంబేడ్కర్ వెంట అందరూ వరుసగా చెరువు వద్దకు నడిచారు. ఆయన దోసిలితో నీరు తాగారు, తక్కినవారు తాగారు. ఏ గొడవా లేకుండా సభాస్థలికి తిరిగివచ్చి తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్నారు.

సుమారు రెండు గంటల తరువాత పట్టణంలో ఒక వదంతి పుట్టింది. అస్పృశ్యులు ఇప్పుడు వీరేశ్వరాలయంలో ప్రవేశించబోతున్నారన్నది దాని సారాంశం. అలాంటి ఆలోచన సభకు లేదు. ఆ విషయం తీర్మానాల్లోనూ లేదు. ఎవరైనా సభాస్థలికి వచ్చి అడిగి ఉంటే క్షణంలో తేలిపోయేది. ఎవరూ అడగలేదు. గుంపులు కర్రలు పట్టుకుని వీధి మలుపుల్లో పోగయ్యాయి. పందిట్లో అన్నం తింటున్నవారి మీద పడి కొట్టారు, వండిన అన్నాన్ని మట్టిలో కలిపారు. దెబ్బలు తిన్నవారిలో కొందరు ముస్లింల ఇళ్లలో తలదాచుకున్నారు. వదంతి చుట్టుపక్కల గ్రామాలకూ పాకి, ఇళ్లకు తిరిగి వెళుతున్నవారి మీద అక్కడా దాడులు జరిగాయి.

ప్రయాణికుల బంగళాలో ఉన్న అంబేడ్కర్ చుట్టూ ఆయన మనుషులు చేరారు. వారిలో సైన్యంలో పనిచేసినవారు ఉన్నారు. ఆయన ఒక్క మాట అంటే ఆ సాయంత్రం మహాడ్ వీధులు రక్తంతో తడిసేవి. ఆయన ఎదురుదాడి వద్దని వారిని ఆపారు. గాయపడినవారికి చికిత్స చేయించి, న్యాయస్థానం దారి పట్టారు. దాడి చేసినవారిలో కొందరికి నాలుగు నెలల కఠిన కారాగార శిక్ష పడింది.

ఆ వదంతిని ప్రజలు అంత తేలికగా ఎందుకు నమ్మారన్నది చరిత్ర విద్యార్థులు వేయవలసిన ప్రశ్న. వారు అమాయకులు కావడం వల్ల కాదు. గుడి పేరు వినగానే మనసులో ముందే ఉన్న భయం నిజంగా నిలబడింది. చెరువు నీరు తాగిన ధైర్యాన్ని క్షమించలేని వారికి కర్ర ఎత్తడానికి ఒక గౌరవప్రదమైన సాకు దొరికింది. వదంతి కొత్త ద్వేషాన్ని సృష్టించదు, పాత ద్వేషానికి దారి చూపుతుంది. పైగా ఎవరి మీద ఆ వదంతి పుట్టిందో వారి మాట వినే అలవాటు ఆ పట్టణంలో ఎవరికీ లేదు. ఏ సమాజంలోనైనా ఒక వర్గం మాటకు విలువ లేనప్పుడు ఆ వర్గం మీద పుట్టే అబద్ధానికి అడ్డు ఉండదు.

జవాబు చెప్పే పద్ధతి

మహాడ్ దాడి జరిగిన రెండు వారాలకే, 1927 ఏప్రిల్ 3న, అంబేడ్కర్ బహిష్కృత భారత్ పత్రికను ప్రారంభించారు. ఈసారి సంపాదకుడిగా తన పేరే వేసుకున్నారు. మహాడ్‌లో ఏం జరిగిందో, చట్టం ఏం చెబుతున్నదో, ఇతర పత్రికలు చేసిన విమర్శల్లో నిలిచేవి ఏవో, నిలవనివి ఏవో అందులో వివరంగా చర్చించారు. సహాయకులు లేక చాలా భాగం తానే రాసేవారు. చందాలు చాలలేదు, ప్రకటనలు రాలేదు. 1929 నవంబరులో ఆ పత్రిక ఆగింది. ఈ మధ్యలో 1928లో సమతా, తరువాత 1930 నవంబరు 24న జనతా వెలువడ్డాయి. జనతా పాతికేళ్లకు పైగా నడిచింది.

కర్రతో వచ్చిన అబద్ధానికి ఆయన రెండు చోట్ల జవాబిచ్చారు. ఒకటి పత్రిక, రెండవది న్యాయస్థానం. 1927 ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. డిసెంబరులో రెండవ సత్యాగ్రహానికి వేలాది మంది సిద్ధమై వచ్చేసరికి, ఆ చెరువు తమ సొంతమని, అస్పృశ్యులను రానివ్వకపోవడం అనాదిగా ఉన్న ఆచారమని ప్రతివర్గం వారు కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చారు. డిసెంబరు 25న మనుస్మృతిని దహనం చేసిన అదే సభ, చెరువు విషయంలో మాత్రం తీర్పు కోసం వేచి ఉండాలన్న అంబేడ్కర్ సలహాను అంగీకరించింది. ఆ వేచి ఉండటం దాదాపు పదేళ్లు సాగింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తుది తీర్పునిచ్చింది. అనాది ఆచారమన్న వాదనను దావా వేసినవారు రుజువు చేయలేకపోయారు. తరతరాలుగా అందరూ నిజమని నమ్మిన మాట, సాక్ష్యం అడిగేసరికి నిలబడలేదు. మహాడ్ చరిత్రలో నీరు తాగిన రోజును మనం పండుగగా జరుపుకుంటాము. సాక్ష్యం గెలిచిన ఈ రోజునూ గుర్తుంచుకోవాలి.

ఎదుటివారిని సాక్ష్యం అడిగిన అంబేడ్కర్ తన మాటనూ అదే పరీక్షకు నిలబెట్టారు. 1936లో లాహోరుకు చెందిన జాత్ పాత్ తోడక్ మండల్ వారు తమ వార్షిక సభకు ఆయనను అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగ పాఠంలో కొన్ని భాగాలు తొలగించాలని కోరారు. ఆయన అంగీకరించలేదు, సభ రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో కుల నిర్మూలన గ్రంథంగా అచ్చు వేయించారు. మండల్ వారితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను కూడా అందులో చేర్చారు. ఎవరు ఏమన్నారో పాఠకుడే చూసి తీర్పు చెప్పుకోవచ్చు. ఆ గ్రంథాన్ని గాంధీజీ తన హరిజన్ పత్రికలో విమర్శించారు. 1937లో వచ్చిన రెండవ ముద్రణలో అంబేడ్కర్ ఆ విమర్శను అచ్చు వేసి, దాని వెంట తన సమాధానం ఇచ్చారు. తనను ఖండించిన వ్యాసాన్ని తన పుస్తకంలోనే పాఠకుడి చేతిలో పెట్టడానికి ఎంత ఆత్మవిశ్వాసం, పాఠకుడి బుద్ధి మీద ఎంత గౌరవం ఉండాలో ఆలోచించండి. తన ప్రకటనను తిరస్కరించిన పత్రికకు ఆయన ఇచ్చిన అసలైన జవాబు ఇదేనని మేము భావిస్తాము.

1943 జనవరి 18న పుణేలో జస్టిస్ రానడే జయంతి సభలో ఆయన చేసిన ప్రసంగంలో పత్రికల మీద తీవ్రమైన విమర్శ ఉంది. ఒకప్పుడు బాధ్యత గల వృత్తిగా ఉన్న పత్రికా రచన వ్యాపారంగా మారిందని, నాయకుల ఆరాధనను పెంచడమే దాని పనైపోయిందని ఆయన బాధపడ్డారు. ఆ ప్రసంగాన్ని పత్రికలు దుయ్యబట్టాయి. ఆయన దానిని గ్రంథంగా వెలువరించి, ముందుమాటలో ఆ విమర్శలకు ఒక్కొక్కటిగా బదులు చెప్పారు.

రాజ్యాంగంలో వాక్కు

రాజ్యాంగ సభలో వాక్ స్వాతంత్ర్యం గురించి చర్చ జరిగినప్పుడు, పత్రికా స్వేచ్ఛను ప్రత్యేకంగా పేర్కొనాలని కొందరు సభ్యులు కోరారు. 1948 డిసెంబరులో ముసాయిదా సంఘ అధ్యక్షుడిగా అంబేడ్కర్ ఇచ్చిన వివరణ ఇది: సంపాదకుడూ పౌరుడే. పౌరుడికి ఉన్న హక్కునే అతడు వినియోగించుకుంటాడు, అంతకు మించిన ప్రత్యేక హక్కు అక్కరలేదు. అచ్చుయంత్రం ఉన్నవాడి మాటకు, అది లేనివాడి మాటకు హక్కులో తేడా ఉండరాదన్న భావన ఇందులో కనిపిస్తుంది.

చరిత్రను నిజాయితీగా చెప్పుకోవాలంటే మరొక విషయాన్నీ దాచకూడదు. 1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్ రోడ్స్ అనే వారపత్రికను తన పరిధిలోకి రానివ్వకుండా నిషేధించింది. నాడు మన ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. ఆ నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత 1951లో నెహ్రూ ప్రభుత్వం తెచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ, ప్రజా భద్రత వంటి కారణాలతో వాక్ స్వాతంత్ర్యంపై పరిమితులు విధించే వీలు కల్పించింది. ఆ పరిమితులు సమంజసంగా ఉండాలన్న షరతూ అందులో చేరింది. న్యాయశాఖ మంత్రిగా అంబేడ్కర్ ఆ సవరణను సమర్థించారు. విభజన నాటి మారణహోమం ఇంకా కళ్లముందే ఉన్న కాలమది. మాట ఏ విధంగా కర్రగా మారుతుందో మహాడ్‌లో చూసిన మనిషి ఆయన. అయినా ఏది సమంజసమన్నది నిర్ణయించే మొదటి అధికారం ప్రభుత్వం చేతిలో పెట్టడం వల్ల కలిగే ప్రమాదాన్ని తరువాతి దశాబ్దాలు చూపించాయి. మహనీయుల నిర్ణయాలను కూడా తూకం వేసి చూడాలన్నది ఆయన నేర్పిన పాఠమే కనుక, ఈ మాట చెప్పడానికి మేము సంకోచించడం లేదు.

అదే ఏడాది ఆయన మరొక అనుభవాన్ని చవిచూశారు. హిందూ కోడ్ బిల్లు విషయంలో నిరాశ చెంది 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. అక్టోబరు 10న కారణాలు వివరించడానికి పార్లమెంటుకు వచ్చారు. ఆ సమయంలో సభాపతి స్థానంలో ఉన్న ఉపసభాపతి అనంతశయనం అయ్యంగార్, ప్రకటన ప్రతిని ముందుగా ఇవ్వాలన్నారు, చదవడానికి సాయంత్రం సమయం కేటాయించారు. అంబేడ్కర్ దానిని తన మాటకు ముందస్తు తనిఖీగా భావించి సభ నుంచి నిష్క్రమించారు. ఆ ప్రకటనను పత్రికలకు విడుదల చేశారు. పత్రికలను అంతగా విమర్శించిన మనిషికి, సభ తలుపు మూసుకున్న రోజున అవే దారి అయ్యాయి. పత్రికలు చెడిపోయాయని వాటిని వదిలేయడం ఆయన మార్గం కాదు.

మరుసటి సంవత్సరం, 1952 డిసెంబరు 22న, పుణే జిల్లా న్యాయ గ్రంథాలయంలో ప్రసంగిస్తూ ప్రజాస్వామ్యం సజావుగా సాగడానికి కావలసిన పరిస్థితులను ఆయన వివరించారు. తీవ్రమైన అసమానతలు ఉండకూడదు, ప్రతిపక్షం ఉండాలి, చట్టం అందరినీ సమానంగా చూడాలి, అధిక సంఖ్యాకులు అల్ప సంఖ్యాకులను అణచకూడదు, అన్నింటికీ అడుగున ప్రజల అంతరాత్మ మేల్కొని ఉండాలి. అన్యాయం ఎవరికి జరిగినా, అది తనకు జరగకపోయినా, కదిలిపోయే గుణాన్నే ఆయన ప్రజల అంతరాత్మగా భావించారు. ప్రతిపక్షం గురించి చెబుతూ ఒక సూక్ష్మమైన విషయం ప్రస్తావించారు. ప్రకటనల ఆదాయం ప్రభుత్వం నుంచి వస్తుంది, ప్రతిపక్షం నుంచి రాదు. అందువల్ల పత్రికలు ప్రభుత్వానికే ఎక్కువ చోటు ఇస్తున్నాయని ఆయన అభిప్రాయపడ్డారు. ఆ పరిశీలనకు డెబ్బై ఏళ్లు దాటాయి. అది పాతబడిందో లేదో పాఠకులే చెప్పగలరు.

ధమ్మంలో సాక్ష్యం

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఆయన ప్రాచీన భిక్షు సంఘాలను గుర్తు చేశారు. ప్రతిపాదన ఏ విధంగా చేయాలి, ఎంతమంది హాజరు కావాలి, ఓట్లు ఎలా లెక్కించాలి అన్నవన్నీ వినయ నియమాల్లో ఉన్నాయి. ఓటుకు వాడే శలాకలను పంచడానికి ఒక భిక్షువును నియమించేవారు. భారతదేశానికి ప్రజాస్వామ్యం అపరిచితం కాదని, మధ్యలో పోగొట్టుకున్నదని ఆయన భావం.

వినయంతో పాటు సూత్ర పిటకం కూడా వినికిడి మాట విషయంలో జాగ్రత్త నేర్పుతుంది. మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం భోగనగరంలో బుద్ధ భగవానుడు నాలుగు మహా ప్రమాణాలను బోధించారు. ఎవరైనా వచ్చి ఇది స్వయంగా భగవానుడి నోట విన్నానన్నా, పెద్దల సంఘం చెప్పిందన్నా, వెంటనే అంగీకరించకూడదు, వెంటనే తిరస్కరించకూడదు. సూత్రంతో, వినయంతో సరిపోల్చి చూడాలి. సరిపోలకపోతే వదిలివేయాలి. చెప్పినవాడి గొప్పతనం మాటకు సాక్ష్యం కాదన్నది ఈ బోధలోని సారం.

అంబేడ్కర్ తన చివరి గ్రంథమైన బుద్ధుడు మరియు ఆయన ధమ్మంలో ఈ సమస్యను నేరుగా చేపట్టారు. బుద్ధుని బోధలను జీవించి ఉన్నప్పుడే కొందరు తప్పుగా ప్రచారం చేశారని, అలగద్దూపమ సుత్తం మొదలైన వాటిని చూపి వివరించారు. అందులోని అరిట్ఠ భిక్షువు, భగవానుడు నిషేధించినదానినే ఆయన అనుమతించినట్టు చెప్పుకున్నవాడు. కాబట్టి బుద్ధుడి పేరుతో ఉన్న ప్రతి మాటా బుద్ధవచనం కాదని, హేతువుకు నిలిచేదీ మానవ శ్రేయస్సుకు పనికివచ్చేదీ మాత్రమే స్వీకరించాలని అంబేడ్కర్ పరీక్ష పెట్టారు. మహాడ్ వీధుల్లో మొదలైన ఒక అన్వేషణ ఇక్కడ పూర్తయింది.

1956 ఫిబ్రవరి 4న జనతా పత్రిక పేరును ప్రబుద్ధ భారత్‌గా మార్చారు. మూగవారి నాయకుడిగా మొదలై, బహిష్కృతుల గొంతై, చివరకు మేల్కొన్న దేశమై ఆ పత్రికల పేర్లు ఒక జాతి ప్రయాణాన్ని చెబుతాయి. అక్టోబరు 14న నాగపూర్‌లో భిక్షువు చంద్రమణి సమక్షంలో ఆయన ధమ్మదీక్ష స్వీకరించారు, లక్షలాది అనుయాయులకు తానే దీక్ష ఇచ్చారు. డిసెంబరు 6న ఢిల్లీలో పరినిర్వాణం చెందారు. ఆయన చివరి గ్రంథం 1957లో వెలువడింది.

మన వంతు

ఇంతవరకు ఇతరుల అబద్ధాల గురించి చెప్పుకున్నాము. మనవైపు కూడా చూసుకోవాలి. బాబాసాహెబ్ పేరిట ఆధారం లేని బిరుదులను, ఆయన ఏ ప్రసంగంలోనూ లేని వాక్యాలను మనమే భక్తితో పంచుకుంటున్నాము. మంచి ఉద్దేశంతో చేసినా అది ముసావాదమే. రేపు ఆయనను ద్వేషించేవారు మరొక కల్పిత వాక్యాన్ని సృష్టిస్తే, దానిని ఖండించడానికి మనకు నైతిక బలం ఎక్కడి నుంచి వస్తుంది? తరగతి గదిలో విద్యార్థులు ఇలాంటి వాక్యాలు చూపినప్పుడు మేము ఒకటే అడుగుతాము: ఏ సంపుటం, ఏ తేదీ, ఏ సభ? మొదట వారు నొచ్చుకుంటారు. తరువాత గ్రంథాలయానికి వెళ్లి వెతుకుతారు. ఆ వెతుకులాటలో వారు అసలైన అంబేడ్కర్‌ను చదువుతారు.

ఉపాసక సంఘాలు ఈ పనిని సులభంగా చేపట్టవచ్చు. ప్రతి విహారంలో ఆయన రచనల సంపుటాలు ఉంచాలి. ఫోన్‌లో వచ్చిన ప్రతి వాక్యాన్ని వారానికొకసారి వాటితో పోల్చి చూడాలి. దొరకనిదానిని పంచకూడదు. మన మీద వచ్చిన విమర్శను కూడా చదివి, అచ్చు వేసి, జవాబు చెప్పాలి. భోగనగరంలో భగవానుడు చెప్పినదీ, 1937లో బాబాసాహెబ్ చేసినదీ ఇదే. ఆ నాడు మహాడ్‌లో ఒక్క మనిషి సభాస్థలికి నడిచి వెళ్లి, గుడికి వెళతారా అని అడిగి ఉంటే చాలు, అంతమంది తలలు పగిలేవి కావు. ఆ ఒక్క మనిషి మనం కావడమే ఈ కాలానికి తగిన సమ్యక్ వాక్కు.